బియర్డెడ్ డ్రాగన్ పళ్లపై గోధుమరంగు గార: సమాధానం

నమస్కారమండీ. నాలుగేళ్ల మీ బియర్డెడ్ డ్రాగన్ (తొండ వంటి పెంపుడు సరీసృపం) చిగుళ్ల వెంట గోధుమరంగు గార కట్టిందని, దానిని గోటితో గీకి తీయవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇంటి గోడ మీది బల్లికి పళ్లు దవడ ఎముక లోపలి అంచుకు అతుక్కుని ఉండి, ఊడినప్పుడల్లా కొత్తవి వస్తూనే ఉంటాయి; మీ డ్రాగన్‌కు మాత్రం ముందువైపు కొన్ని తప్ప మిగిలిన పళ్లన్నీ ఎముక శిఖరంతోనే కలిసిపోయి ఉంటాయి గనుక, ఒకసారి పోయినవి మళ్లీ రావు. పైగా అక్కడి చిగురు పల్చన. గారలోని బ్యాక్టీరియా దానిని తినేస్తే, జబ్బు తిన్నగా దవడ ఎముకకే పాకుతుంది. నన్ను కలవరపెడుతున్నది అదే.

రోజూ అరటిపండు, మామిడిపండు పెడుతున్నానన్నారు. నా దృష్టిలో మూలం అక్కడే ఉంది: ఆస్ట్రేలియా పొడినేలల్లో గట్టి పెంకు పురుగులు, ఆకులు నమిలే ప్రాణికి ఆ మెత్తని తీపి గుజ్జు దంతాలకు అంటుకుని గారకు దారితీస్తుంది. పండ్లు దాదాపు మానేసి, ఆకుకూరలు, మిడతలు, కీచురాళ్లు పెట్టండి.

సరీసృపాలను చూసే పశువైద్యుని వద్దకు ఈ వారమే తీసుకువెళ్లండి. ఆయన మత్తు ఇచ్చి గార తొలగించి, ఎక్స్‌రేలో ఎముకను పరీక్షిస్తారు. ఆ తరువాత పలుచని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రావణంతో ఇంట్లో తుడిచే పద్ధతిని ఆయన వద్దే నేర్చుకోండి. చిగురు ఎర్రబడి వాచినా, తిండి మానేసినా వారం కూడా ఆగవద్దు.