మెడ దెబ్బ తగ్గాక మళ్లీ కబడ్డీ ఆడొచ్చా?

పర్లాకిమిడిలో కూతకెళ్లిన మీ తమ్ముడు మెడ మీద పడ్డాడని, రెండు నెలలకు నొప్పి పోయిందని, సంక్రాంతి పోటీలకు దింపొచ్చా అని అడిగారు. నొప్పి పోవడం ఒక్కటే చాలదండీ. గడ్డం ఛాతీకి ఆనాలి, మెడ రెండు వైపులా సమానంగా తిరగాలి, రెండు చేతుల పట్టూ ఒకేలా ఉండాలి.

అసలు పడ్డప్పుడు ఏమైందో అడగండి. ఒక్క చేయి మంటెక్కి కాసేపటికి తగ్గితే నరం సాగి ఉండొచ్చు. రెండు చేతులో, కాళ్లో తిమ్మిరెక్కితే వెన్నుపామునే అనుమానించాలి. అప్పుడు బరంపురం వెళ్లి ఎమ్మారై తీయించి, వెన్నెముక డాక్టరు సరేననే దాకా బరిలోకి పంపకండి. నేనైతే ఈ సంక్రాంతి వదిలేయమంటాను. తర్వాత ఆడినా, తల వంచి నడినెత్తితో గుద్దే అలవాటు మాత్రం మాన్పించండి. మెడ వంగి ఉన్నప్పుడు దెబ్బంతా నేరుగా పూసల మీదే పడుతుంది.