విదేశానికి మకాం మారుస్తూ కారు వెంట తీసుకెళ్లడం లాభమేనా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మరో నాలుగు నెలల్లో కుటుంబంతో సహా వేరే దేశానికి వెళ్లి స్థిరపడబోతున్నాం. మా కారు కొని మూడేళ్లయింది, ఇంకా రెండేళ్ల ఈఎంఐలు ఉన్నాయి. తరలింపు ఖర్చుల కింద కంపెనీ కొంత మొత్తం ఒకేసారి ఇస్తోంది. అక్కడ కార్లు బాగా ఖరీదని అంటున్నారు. ఈ కారునే తీసుకెళ్లాలా, లేక దీన్ని అమ్మేసి ఇప్పుడే కొత్తది కొని పట్టుకెళ్లాలా?

జవాబు: ముందుగా కొత్త కారు కొనే ఆలోచనను విరమించుకోండి. మకాం మార్చుకుని వచ్చేవారి సొంత సామగ్రికి చాలా దేశాలు దిగుమతి సుంకం నుంచి మినహాయింపు ఇస్తాయి గానీ, అది మీరు అప్పటికే వాడుతున్న వస్తువుకే తప్ప ప్రయాణానికి ముందు కొన్నదానికి వర్తించదు. యూరోపియన్ యూనియన్‌నే తీసుకుంటే, మీరు కనీసం 12 నెలలుగా యూనియన్ వెలుపల నివసిస్తూ ఉండాలి, కారు కనీసం 6 నెలలుగా మీ చేతిలో ఉండి మీరు వాడి ఉండాలి, అక్కడ నివాసం ఏర్పరచుకున్న 12 నెలల్లోగా దాన్ని తెచ్చుకోవాలి. తెచ్చాక మరో 12 నెలల పాటు అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఊరికే వాడుకోమని మరొకరికి అప్పగించకూడదు. బ్రిటన్ కూడా 12 నెలల విదేశీ నివాసం, 6 నెలల వాడకం అడుగుతుంది. ఆస్ట్రేలియాలోనైతే సొంత కారు దిగుమతి అనుమతికే వాడకం 12 నెలలు ఉండాలి, పైగా ఆ అనుమతి చేతికి రాకముందే కారును ఓడ ఎక్కించకూడదు. ఇవాళ కొన్న కారుకు మీరు బయలుదేరే నాటికి నిండేవి నాలుగు నెలలే. పాత కారుకు మాత్రం ఈ గడువులన్నీ ఇప్పటికే తీరిపోయాయి.

మినహాయింపు దక్కకపోతే ఎంత పడుతుందో ఒకసారి లెక్క వేద్దాం. యూరప్ దేశాల్లో సుంకం కారు విలువ ఒక్కదాని మీద కాక, ఓడ కిరాయి, రవాణా బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. కారు విలువ 100, రవాణా, బీమా కలిపి 10 అనుకుంటే 110 మీద 10 శాతం సుంకం 11 అవుతుంది. అప్పుడు 121 మీద 20 శాతం వ్యాట్ 24.20 అవుతుంది. రవాణాతో కలిపితే నూటికి 45 పైచిలుకు అదనంగా పడినట్టే. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఓడ కిరాయి బండి పరిమాణాన్ని బట్టి ఉంటుంది గానీ వయసును బట్టి తగ్గదు. కారు విలువ 50కి పడిపోయినా రవాణాకు అదే 10 కట్టాలి, అప్పుడు అదనపు భారం 29.20, అంటే కారు విలువలో 58 శాతం. అందుకే చవకైన పాత కారును మోసుకెళ్లడం, మినహాయింపు ఉన్నా సరే, తరచుగా నష్టంగానే తేలుతుంది.

కస్టమ్స్ గడప దాటినంత మాత్రాన కారు రోడ్డెక్కదు. రిజిస్ట్రేషన్ పన్ను కొన్నిచోట్ల విడిగా ఉంటుంది. ఐర్లండ్, నెదర్లాండ్స్ ఇందుకు ఉదాహరణలు. దాని మినహాయింపుకు మళ్లీ వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. అసలైన అడ్డంకి సాంకేతిక ప్రమాణాలది. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారు కాని కారు 25 ఏళ్లు దాటినదైతే తప్ప అక్కడికి శాశ్వత దిగుమతి దాదాపు అసాధ్యం. యూరప్‌లో తయారీ సంస్థ ఇచ్చే అనురూపతా పత్రం (కారు అక్కడి ప్రమాణాలకు సరిపోతుందని తెలిపేది) ఉంటే పని సులువవుతుంది, లేకపోతే మీ ఒక్క కారుకు విడిగా తనిఖీ, ఆమోదం పొందాలి. ఆ మోడల్ అక్కడ ఎన్నడూ అమ్ముడుపోనిదైతే ఆ దారి కష్టమే. రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశాల కార్ల హెడ్‌లైట్ల డిప్ వెలుగు ఎడమ అంచుకు వాలుతుంది. కుడి పక్కన నడిచే చోట అదే వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది కాబట్టి, సర్దుబాటుకు వీలుంటే సరే, లేకపోతే దీపాలే మార్చాలి. వెనక ఇండికేటర్ ఎరుపు రంగులో వెలిగే అమెరికా కార్లకు యూరప్‌లో కాషాయ రంగు ఇండికేటర్ అమర్చాల్సి వస్తుంది. స్టీరింగ్ రెండో పక్కన ఉన్న కారును చాలా దేశాలు రిజిస్టర్ చేస్తాయి గానీ, తిరిగి అమ్మేటప్పుడు కొనేవారు తక్కువ, ధర ఇంకా తక్కువ. మీరు వెళ్లేది ఏ దేశమో రాయలేదు కాబట్టి, కారు ఛాసిస్ నంబరుతో తయారీ సంస్థను, అక్కడి రవాణా శాఖను ఈ వారమే సంప్రదించండి. వారి జవాబు వచ్చేదాకా రవాణా సంస్థకు అడ్వాన్సు కట్టకండి.

17 అక్షరాలు, అంకెలు ఉండే ఆ ఛాసిస్ నంబరును ముందు అద్దం కింద ఉన్న పలక మీద చూసి, రిజిస్ట్రేషన్ పత్రంలోనూ కొన్నప్పటి ఇన్‌వాయిస్‌లోనూ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా దస్త్రం ఆగిపోతుంది, అది తేలేదాకా పోర్టులో రోజువారీ నిల్వ రుసుము పడుతూనే ఉంటుంది.

అప్పు విషయానికొస్తే, లోను తీరేదాకా కారు మీద ఫైనాన్స్ సంస్థ హక్కు ఉంటుంది, వారి లిఖితపూర్వక అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. ఆ అనుమతి సులువుగా రాదు. కాబట్టి తీసుకెళ్లాలంటే మిగిలిన అసలంతా ముందుగానే కట్టేయాల్సి వస్తుంది, అంటే కొత్త చోట ఇంటి అడ్వాన్సుకూ మొదటి నెలల ఖర్చుకూ చేతిలో ఉండాల్సిన నగదు కారులో ఇరుక్కుపోతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. కంపెనీ ఇచ్చే మొత్తం ఉందిగా అనుకోకండి. ఖర్చు కాకుండా మిగిలింది మీరే ఉంచుకోవచ్చంటే అది మీ డబ్బే, కారు కిరాయి ఉచితం కాదు. ఒకవేళ కంపెనీయే 40 అడుగుల కంటైనర్ మాట్లాడి, అందులో ఇంటి సామానుతో పాటు కారుకూ చోటిస్తే లెక్క మారుతుంది. అలాంటప్పుడు కూడా కారు పూర్తిగా పోతేనే వర్తించే బీమాకూ, గీతలు, సొట్టలను కూడా కవర్ చేసే బీమాకూ ఉన్న తేడా చూసి తీసుకోండి.

ఈ వివరాలను బట్టి నా మొగ్గు అమ్మకం వైపే. స్టీరింగ్ అదే పక్కన ఉండి, అనురూపతా పత్రం దొరికి, కనీసం మూడేళ్లు అక్కడే ఉంటామన్న నమ్మకం ఉండి, మొత్తం ఖర్చు కలిపినా అక్కడి అదే వయసు కారు ధర కంటే స్పష్టంగా తక్కువైతేనే తీసుకెళ్లడం గురించి ఆలోచించండి. "అక్కడ ఖరీదు" అనే మాట చాలాసార్లు షోరూమ్ కొత్త కార్ల గురించి చెప్పేదే. మీరు పోల్చాల్సింది మూడేళ్ల వాడిన కారుతో.

అమ్మేటప్పుడు కొనుగోలుదారు డబ్బుతోనే లోను మూయించి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి. బీమా సంస్థ నుంచి క్లెయిములు లేని చరిత్రను తెలిపే లేఖ అడగండి, కొన్ని దేశాల్లో దాన్ని చూసి ప్రీమియం తగ్గిస్తారు. రిజిస్ట్రేషన్ కొత్త యజమాని పేరు మీదికి మారిన రుజువు అందాకే విమానం ఎక్కండి, ఎందుకంటే పేరు మారని కారు మీద పడే జరిమానాల నోటీసులు పాత చిరునామాకే వస్తాయి, వాటికి జవాబు చెప్పడానికి అప్పుడు మీరు అక్కడ ఉండరు.