వ్యామ్ బూజులో బ్యాక్టీరియా ఉంటే కల్తీయేనా?

పొదలకూరులో మీ నిమ్మ మొక్కలకు వేసిన వ్యామ్‌లో (వేళ్లలో పెరిగి మొక్కకు మేలు చేసే బూజుతో తయారైన జీవన ఎరువు) బ్యాక్టీరియా ఉంటుందని ఎవరో అన్నారని, అది కల్తీయా అని అడిగారు. బూజు కణాల లోపలే కాపురముండే రకమైతే కల్తీ కాదండీ. నిమ్మ వేళ్లలో బూజు, ఆ బూజులో బ్యాక్టీరియా. అద్దె ఇంట్లో మళ్లీ అద్దెకు దిగినట్టు!

బాగా పరిశీలించింది గిగాస్పోరా మార్గరీటా అనే బూజును. దాని తెల్లటి సిద్ధబీజం (బూజుకు విత్తనం లాంటిది) ఆవగింజ కన్నా చిన్నది, అందులోనే వేలకొద్దీ బ్యాక్టీరియా. కొన్ని అమైనో ఆమ్లాలకు కూడా బూజు మీదే ఆధారం, అందుకే విడిగా పెంచుదామంటే పెరగవు. సిద్ధబీజాల ద్వారానే తర్వాతి తరానికి చేరతాయి. ఇవి బ్యాక్టీరియానే అని 1996లో ఇటలీలోని టూరిన్ శాస్త్రవేత్తలు జన్యు ఆధారాలతో చూపించారు. వీటిని తీసేస్తే బూజు చావదు గానీ, మొలకెత్తాక పోగులు సరిగా సాగవు. అన్నట్టు, అన్ని వ్యామ్ బూజుల్లోనూ ఇవి ఉండవు.