వత్తి తగ్గించు, ఫోను నిలబడుతుంది

విజయనగరం

చి. బుల్లికి మావయ్య ఆశీస్సులు.

మొన్న మాట్లాడుతుండగానే నీ ఫోను ఆగిపోయింది. రాత్రి మళ్లీ చేసి, "ఏటి మావయ్యా, నాలుగింటికే చచ్చిపోతోంది, కొత్తది కొనీమంటావా?" అన్నావు. కొనకు. పొలాల్లో ఈ-పంట నమోదు చేసే పిల్లవి, ఎండలో స్క్రీన్ కనబడక బ్రైట్‌నెస్ చివరికంటా లాగేసి ఉంటావు. సాయంత్రం నీడకొచ్చాక దాన్ని తగ్గించిన పాపాన పోయుండవు. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇరవై రెండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, ఈ మాట చెప్పడానికి నీ ఫోను చూడక్కర్లేదు.

మా చిన్నప్పుడు లాంతరు వత్తి కాస్త పెంచితే మీ అమ్మమ్మ అరిచేది. కిరసనాయిలు అయిపోవడం ఒకటి, చిమ్నీకి మసి పట్టడం ఇంకొకటి. ఫోనుకి మసి పట్టదు గానీ వేడి పడుతుంది. మరీ వేడెక్కితే అదే భయపడి వెలుతురు తగ్గించేసుకుంటుంది. అప్పుడు నువ్వు ఎంత లాగినా పెరగదు. చాలామంది దీన్నే స్క్రీన్ పాడైందనుకుని నా దగ్గరకి పట్టుకొస్తారు. బండి హ్యాండిల్‌కి తగిలించి ఎండలో తిప్పకు, సంచిలో పడెయ్యి. వేడెక్కితే నీడలో పది నిమిషాలు వదిలెయ్యి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చెయ్యకు, లోపల చెమ్మ చేరుతుంది.

ముందుగా ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చెయ్యి. కొన్ని ఫోన్లలో అడాప్టివ్ అని ఉంటుంది. "అది నా మాట వినదు" అంటావు, తెలుసు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి అది నీ అలవాటు నేర్చుకుంటుంది. ఆటో ఆన్‌లో ఉండగానే, ఎక్కడ నచ్చకపోతే అక్కడ బ్రైట్‌నెస్ గీత జరుపు. గట్టు మీద ఒకసారి, ఆఫీసులో ఒకసారి, రాత్రి మంచం మీద ఒకసారి. నాలుగైదు రోజులు ఓపిక పట్టు. విసుగొచ్చి ఆపెయ్యకు.

ఇంకో సంగతి, ఇది కొట్టుకొచ్చిన వాళ్లకి చెబితే నమ్మరు. అమోలెడ్ అని ఒక రకం స్క్రీన్ ఉంటుంది. అలాంటి చాలా ఫోన్లలో, మిట్టమధ్యాహ్నానికి పనికొచ్చే ఆ గట్టి వెలుతురు ఆటోలో ఉంటేనే వస్తుంది. చేత్తో చివరికంటా లాగినా అంత రాదు. అంటే నువ్వు చేత్తో లాగి ఎండలో సరిగ్గా కనబడకా నష్టపోతున్నావు, నీడలో చార్జింగూ పోగొట్టుకుంటున్నావు.

ఆ గీత సగంలో ఉంటే వెలుతురూ సగమే అనుకోకు. దాన్ని మన కంటి చూపుకి తగ్గట్టు అమర్చారు. కుడి చివర కొంచెం జరిపినా లోపల చాలా కరుగుతుంది. చివరి నుంచి వేలెడు వెనక్కి లాగి చూడు. నీ కంటికి పెద్ద తేడా తెలీదు, బ్యాటరీకి తెలుస్తుంది.

ఆటో పిచ్చిగా ప్రవర్తిస్తే మాత్రం పైన చెవి దగ్గర పెట్టుకునే చోట చూడు. వెలుతురు పట్టే సెన్సర్ చాలా ఫోన్లలో అక్కడే ఉంటుంది. ఎండలో నిలబడి ఆ చోట బొటనవేలు ఆనించు, కాసేపటికి స్క్రీన్ మసకబారితే అది బాగానే ఉన్నట్టు. అసలు కదలకపోతే టెంపర్డ్ గ్లాసు నల్ల అంచు దాన్ని మూసేసి ఉంటుంది. పోయిన నెల ఒకాయన డిస్‌ప్లే మార్చమని వచ్చాడు. గ్లాసు ఊడబీకి చూపించాను, అంతే, బాగైపోయింది.

నల్ల తెర మీద తెల్లక్షరాలు చూపించే డార్క్ మోడ్ గురించి అడిగావు. అందరూ అదే మంత్రం చదువుతున్నారు. అది అమోలెడ్ స్క్రీన్‌కే పనిచేస్తుంది, అక్కడ నల్లగా ఉన్నచోట దీపమే వెలగదు. ఎల్‌సీడీలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, పైన నలుపు పులిమినా ఒకటే. నీది ఏదో తెలియాలంటే రాత్రి లైటార్పి, పూర్తి నల్లటి ఫొటో ఒకటి తెరువు. బూడిదరంగులో మెరిస్తే ఎల్‌సీడీ, చీకట్లో కలిసిపోతే అమోలెడ్. అమోలెడే అయినా ఆశ పెట్టుకోకు. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో కొలిచారు. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్‌తో ఆదా అయ్యేది 3 నుంచి 9 శాతమేనట. పూర్తిగా పెంచినప్పుడైతే 39 నుంచి 47 శాతం. కానీ ఆ పూర్తి వెలుతురు కావాల్సింది నీకు ఎండలో. ఎండలో నల్ల తెర మీద తెల్లక్షరాలు నాకైతే అస్సలు కనబడవు, నా మొహమే కనబడుతుంది. పొలంలో తెల్ల తెర, ఇంటికొచ్చాక నల్ల తెర పెట్టుకో.

స్క్రీన్ ఆరే టైము 30 సెకన్లు చాలు. రైతు వివరాలు ఎక్కించేటప్పుడు ఒక నిమిషం చేసుకో, మధ్యలో ఆరిపోతే చిరాకు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే తెర ఒక్కోసారి పూర్తిగా నల్లబడుతుంది, ఫోను అడ్డంగా తిప్పు, కనబడుతుంది. అన్నిటికన్నా మంచిది ఎండకి వీపు పెట్టి, నీ నీడలో ఫోను పట్టుకోవడం. దీనికి చార్జింగు ఖర్చు లేదు.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ ఉద్దానం మీద పడ్డప్పుడు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. నీకు గుర్తుండే ఉంటుంది, పెరట్లో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయాయి. కరెంటు లేదు. ఫోన్లు బాగుచేసేవాణ్ణి, నాకే బుద్ధి లేకపోయింది. స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి, దాన్నే దీపంలా పట్టుకుని ఇల్లంతా తిరిగాను. సిగ్నల్ వస్తుందేమోనని పదేసి నిమిషాలకి తెరిచి చూశాను. మర్నాడు సిగ్నల్ వచ్చే వేళకి నా ఫోను చచ్చిపోయింది. ఇక్కడ మీ అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదట. మీ అమ్మ తన ఫోను ఆపేసి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది, చివరికి అదే పనికొచ్చింది.

తుపాను అంటే మాత్రం ఆటో కూడా వద్దు. ఆటో తీసేసి గీత ఎడమ చివరకి లాగెయ్యి, బ్యాటరీ సేవర్ వెయ్యి, నెట్ ఆపెయ్యి. దీపానికి విడిగా టార్చిలైటు ఉంచుకో. ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అని ఉంది, దాంతో ఇంకా తగ్గుతుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావు కదా. కొట్టు దగ్గర కూర్చుంటే సిరిమాను గుడి నుంచి కోటకి వెళ్లడం బాగా కనబడుతుంది. ముందురోజే రా, ఆ గ్లాసు నేను మార్చేస్తాను. నువ్వు పంపిన ఫొటోలో దాని అంచు నాకు నల్లగానే కనబడింది. వచ్చేటప్పుడు మీ అమ్మని పలాస జీడిపప్పు ఓ కిలో పంపమను, డబ్బులు ఇస్తానని చెప్పు, తీసుకోదు గానీ.

మీ మావయ్య