ఇంద్రధనుస్సును ఎక్కడ విరవాలి?

ప్రశ్న: ఇంటర్‌లో మా అమ్మాయి మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుంది. ‘ఆర్క్-ఆన్-సియెల్’ అని చదివితే మేడమ్ తప్పంటున్నారట. మధ్యలో అడ్డగీతలున్నాయి కదండీ?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ గీతలు కంటికేనమ్మా, నోటికి కాదు. ఆర్క్ అంటే విల్లు, సియెల్ ఆకాశం, కలిపితే ఇంద్రధనుస్సు. పలికేటప్పుడు ‘క్’ పక్క అచ్చు మీదికి దూకుతుంది: ఆర్-కాఁ-స్యెల్. మూడే ముక్కలు. మనం ‘వాడు ఎక్కడ’ను ‘వాడెక్కడ’ అనమూ? ‘కాఁ’ దగ్గర మాత్రం ‘న్’ అని నాలుక అంటించొద్దు, గాలి ముక్కులోకి పోవాలి.

‘రాజ్యాంగ విరుద్ధంగా’ అనడానికి ఫ్రెంచివాళ్లకు 25 అక్షరాల మాట ఉంది: anticonstitutionnellement. నోట్లో ఎనిమిదే ముక్కలు: ఆఁ-తి-కోఁస్-తి-త్యు-స్యొ-నెల్-మాఁ. చివరి ‘ట్’ పలకరు. నేర్చుకునే రోజుల్లో కోఠి బస్సులో దీన్నే గొణుక్కుంటుంటే కండక్టర్ ‘ఏ స్టాపమ్మా అది?’ అన్నాడు.