సమాధానం: ఒకరు రిపోర్ట్ తీస్తే నోడ్ సర్వర్ మొత్తం ఎందుకు ఆగిపోతోంది?

మీ నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే ప్రోగ్రామ్) సైట్‌లో ఒక యూజర్ సీఎస్‌వీ (పట్టికలాంటి టెక్స్ట్ ఫైల్) రిపోర్ట్ బటన్ నొక్కగానే మిగతావాళ్ళకి లాగిన్ పేజీ కూడా రావట్లేదు, పీహెచ్‌పీలో ఇలా ఎప్పుడూ కాలేదు అన్నారు కదా. టెన్షన్ పడకండి, సర్వర్ మార్చాల్సిన పని లేదు.

పీహెచ్‌పీలో సాధారణంగా ఒక్కో రిక్వెస్ట్‌ని ఒక్కో ప్రాసెస్ చూసుకుంటుంది. ఒకటి నత్తనడక నడిచినా పక్కది ఆగదు. నోడ్‌లో మీరు రాసిన జావాస్క్రిప్ట్ మామూలుగా ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒకే పని చేసే ఒకే వరుసలో, నడుస్తుంది. డేటాబేస్‌కి పని పురమాయించి, జవాబు వచ్చేలోపు ఇంకో రిక్వెస్ట్ అందుకుంటుంది. టీ కొట్టులో ఒక్కడే మనిషి పాలు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు నలుగురికి చిల్లర ఇచ్చేస్తాడు చూడండి, అలాగన్నమాట. అదే మనిషి కూర్చుని అల్లం దంచడం మొదలుపెడితే అందరూ నిలబడాల్సిందే.

మీరు పెట్టిన కోడ్‌లో ఆ అల్లం దంచుడు రెండు చోట్ల ఉంది. ఒకటి రీడ్‌ఫైల్‌సింక్, అంటే ఫైల్ మొత్తం చదివేదాకా మిగతా పనులు ఆపేసే ఫంక్షన్. దాని బదులు క్రియేట్‌రీడ్‌స్ట్రీమ్‌తో ముక్కలు ముక్కలుగా చదవండి, మెమరీ కూడా మిగులుతుంది. రెండోది, అసలు సమస్య, లక్షల వరుసల మీద లెక్కలు కట్టే ఫర్ లూప్. ఆ లూప్ ఉన్న ఫంక్షన్ ముందు ఎసింక్ (జవాబు తర్వాత వచ్చే పనులకు వాడే మాట) అని రాశారు. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆ మాట రాసినంత మాత్రాన లెక్క వేరే థ్రెడ్‌లోకి వెళ్ళదు. ఆ లూప్‌ని వర్కర్ థ్రెడ్‌లోకి (పక్కన విడిగా నడిచే ఇంకో థ్రెడ్) మార్చి, అది పంపే రిజల్ట్‌ని మెసేజ్ ఈవెంట్‌లో అందుకోండి.

మార్చేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సెట్‌ఇంటర్వల్‌తో 100 మిల్లీసెకన్లకోసారి టైమ్ ప్రింట్ చేయిస్తూ రిపోర్ట్ నొక్కండి. ప్రింట్లు ఎంతసేపు ఆగాయో, దాదాపు అంతసేపు ఈవెంట్ లూప్ (వచ్చిన పనుల్ని ఒక్కొక్కటిగా అందుకునే నోడ్ భాగం) బిగుసుకుపోయినట్టు. ఆ అంకె ఇక్కడ పెట్టండి, చూద్దాం.