ఫోన్లో చూసిన డాక్టరు రాసిన మందుల చీటీ చెల్లుతుందా?

మీ అమ్మగారికి ఫోన్లో డాక్టరు రాసిచ్చిన మందులు కడపలో షాపువాళ్లు ఇవ్వలేదని, అసలు ఈ చీటీ చట్టప్రకారం చెల్లుతుందా అని అడిగారు. చెల్లుతుంది. 2020 మార్చి 25న వచ్చిన కేంద్ర ప్రభుత్వ టెలీమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో చేసే వైద్యం) మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకున్నాయి. కాకపోతే చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు (మెడికల్ కౌన్సిల్ డాక్టరుకిచ్చే నంబరు), సంతకం ఉండాలి. ముందు అవి ఉన్నాయో లేదో చూడండి.

ఇది నాకు మా నాయన కాలిపుండుతో తెలిసొచ్చింది. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆయనకు ఎన్నో ఏళ్లుగా షుగర్. చెప్పు కరిచి బొటనవేలి కింద పుండయింది. ప్రొద్దుటూరు దాకా ఎందుకులే అని ఒక యాప్‌లో డబ్బు కట్టి డాక్టరుతో మాట్లాడించాను. నాలుగు నిమిషాలు మాట మాత్రమే. పుండు చూపించమని అడగనే లేదు. యాంటీబయాటిక్ రాసి పంపారు. మందుల షాపాయన నా ఫోన్ తీసుకుని, చీటీని వేళ్లతో పెద్దది చేసి కింద దాకా జరిపి చూశాడు. "నంబరు ఏదన్నా? ఇది ఎవరు రాసినట్టు?" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆయన అడిగిందే న్యాయం.

ఆ నిబంధనల ప్రకారం పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి మాటల్లోనే చెప్పొచ్చు. అంతకుమించిన మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాలి. అదే జబ్బుకు ఆర్నెల్ల లోపల నేరుగా చూసిన డాక్టరైతే ఫోన్లో పాత మందులు కొనసాగించొచ్చు.

మర్నాడు ఊళ్లో హెల్త్ క్లినిక్‌కు తీసుకుపోయాం. అక్కడి మేడమ్ ఈ-సంజీవనిలో, అంటే డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ప్రభుత్వ సేవలో, వీడియో కలిపింది. ఆ డాక్టరు, కెమెరా పాదం దగ్గరికి తెమ్మని, పుండు చుట్టూ వేలితో నొక్కమన్నారు. నొక్కితే నాయనకు తెలియడమే లేదు. "ఇది ఫోన్లో చూసే జబ్బు కాదు, ఈరోజే కడప రిమ్స్ పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్నారు. మందు రాయలేదని నాయన చిన్నబుచ్చుకున్నాడు. నాకైతే ఆ మాటే అసలు వైద్యమనిపించింది. సాయంత్రానికి రిమ్స్‌లో పుండు శుభ్రం చేసి చేర్చుకున్నారు. వేలు నిలిచింది.

ఇంకోటి. మీరు నేరుగా వస్తామంటే, ఫోన్లోనే చూస్తామని డాక్టరు పట్టుబట్టడానికి లేదు. ఫీజు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. దాని మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మీ అమ్మగారి చీటీలో అది లేకపోతే రాసిన డాక్టరుకే ఫోన్ చేసి, నంబరుతో మళ్లీ పంపమని అడగండి. మొహమాటపడొద్దు.